సిట్, సెట్, సీట్: సమస్య - పరిష్కారం

సమస్య: ఇంగ్లిషులో కూర్చోవడం, కూర్చోబెట్టడం, పెట్టడం గురించి చెప్పేటప్పుడు “ఐ సెట్ ఇన్ ద ఫ్రంట్ రో”, “సిట్ ద ల్యాప్‌టాప్ హియర్”, “దే సీటెడ్ నియర్ ద డోర్” వంటి వాక్యాలు నోట వస్తున్నాయి.

బెంగళూరు మారతహళ్ళిలో ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యే తెలుగువారికి ఇంగ్లిషు నేర్పుతున్నప్పుడు నాకు రోజూ వినిపించే తప్పులివి. క్రియారూపాల పట్టికలు కంఠస్థం చేస్తారు గానీ, క్రియకు కర్మ ఉందో లేదో మాత్రం చూసుకోరు. ముందు ‘దేన్ని?’, ‘ఎవరిని?’ అని అడగండి. జవాబు లేకపోతే సిట్, శాట్, శాట్. జవాబు వస్తువైతే, అంటే దాన్ని ఎక్కడైనా పెడితే, సెట్. దానికి మూడు రూపాలూ ఒకటే. మనిషిని కూర్చోబెడితే సీట్, సీటెడ్, సీటెడ్. కాబట్టి “షి సీటెడ్ ద గెస్ట్స్” సరైనదే గానీ, తలుపు దగ్గర కూర్చున్నవారి గురించి చెప్పాలంటే “దే వర్ సీటెడ్” అనాలి.

ఈ పరీక్షలో నెగ్గి కూడా చెడిపోయే వాక్యం ఒకటుంది, అసలు ఇబ్బంది పెట్టేది అదే. ఇంటర్వ్యూకు వెళ్ళిన ఒక విద్యార్థి, ఎక్కడున్నారని ఫోన్‌లో అడిగితే, రిసెప్షన్ సోఫా మీద నుంచే “ఐ శాట్ ఇన్ ద రిసెప్షన్” అని జవాబిచ్చాడు. “అండ్ వేర్ ఆర్ యు నౌ?” అని అవతలివారు మళ్ళీ అడిగారు. కర్మ లేదు, క్రియ సరైనదే, అయినా అతడు కూర్చుని లేచి వెళ్ళిపోయినట్టు వారికి అర్థమైంది. మన ‘కూర్చున్నాను’ కూర్చోవడమనే పనికీ, కూర్చుని ఉన్న స్థితికీ రెండింటికీ సరిపోతుంది. పైగా ‘కూర్చుంటున్నాను’ అంటే ఇప్పుడే కూర్చోబోతున్నట్టో, రోజూ అక్కడే కూర్చుంటున్నట్టో వినిపిస్తుంది కనుక, “ఐ యామ్ సిట్టింగ్” అనే మాట మనకు సహజంగా తట్టదు.

పరిష్కారమేమంటే, ‘కూర్చున్నాను’ ఉన్నచోట ‘కూర్చుని ఉన్నాను’ అని పెట్టి చూడండి. అర్థం మారకపోతే “యామ్ సిట్టింగ్” అనండి. ‘నేను వెళ్ళేసరికి ఆయన కూర్చుని ఉన్నారు’ అయితే “వాజ్ సిట్టింగ్”. ‘వెళ్ళి కూర్చున్నాను’ అన్న అర్థంలో మాత్రమే “శాట్” నిలుస్తుంది. నిలబడ్డాడు, పడుకున్నాడు అనే మాటల విషయంలోనూ ఇదే చిక్కు వస్తుంది, ఇదే పరీక్ష పనిచేస్తుంది.

మొదటి పరీక్షకు కొన్ని మినహాయింపులున్నాయి. సూర్యుడు అస్తమించడానికీ, సిమెంటు గట్టిపడడానికీ కర్మ లేకుండానే సెట్ వస్తుంది. హాలులో 200 మంది పడతారనడానికి సీట్‌నే క్రియగా వాడి “ద హాల్ సీట్స్ 200” అంటారు. ఇవి అరుదుగా ఎదురవుతాయి, ఎదురైనప్పుడు గుర్తు పెట్టుకుంటే చాలు.