మన బండి మన చేత్తో – 5వ పాఠం: గేరు మొరాయిస్తే

పోయిన పాఠంలో బైకు చైను బిగించాం. చైను మరీ వదులుగా ఉంటే గేరు మారినప్పుడల్లా బండి ధడేల్మంటుంది కాబట్టి, ఆ పని ఇంకా చెయ్యనివాళ్లు ముందు అది చేసి రండి. ఈసారి కావలసిన సామాను కొంచెమే: 10, 12, 17 నంబరు స్పానర్లు, పాత లుంగీ గుడ్డ, ఒక ప్లాస్టిక్ తొట్టి.

"గేరు పడట్లేదు" అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో చాలా జబ్బులుంటాయి. బెజవాడ రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్లో ఆగితే న్యూట్రల్ దొరకదు, అదొకటి. ఫస్ట్ వెయ్యగానే బండి ముందుకు ఎగురుతుంది, అదొకటి. సెకండ్‌లో రేజ్ ఇస్తే గేరు ఊడిపోతుంది. పెడల్ తొక్కితే తొక్కినచోటే ఉండిపోతుంది. ఇంజన్ అరుస్తుంది గానీ బండి పరిగెత్తదు. మెకానిక్ దగ్గరికెళ్లినా వీటిలో ఏది జరుగుతోందో అది చెప్పండి. "గేరు ప్రాబ్లమండీ" అని చెప్పి టీ తాగడానికి వెళ్లారంటే, తిరిగొచ్చేసరికి ఇంజన్ దిగి ఉంటుంది. నేను చూసినంతవరకు గేరు ఫిర్యాదుల్లో చాలావాటికి గేర్ల దాకా వెళ్లే పనే ఉండదు. క్లచ్ దగ్గరో పెడల్ దగ్గరో ఆయిల్ దగ్గరో తేలిపోతాయి.

ముందు ఇంజన్ ఆపి పరీక్ష చేద్దాం. బండిని సెంటర్ స్టాండు వెయ్యండి. కుడిచేత్తో వెనక చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, ఎడమచేత్తో పెడల్‌ని నొక్కండి. ఫస్ట్, సెకండ్, థర్డ్, ఫోర్త్ వరసగా టక్కుటక్కుమని పడ్డాయా? అయితే లోపలి సామాను చాలావరకు క్షేమం. చక్రం తిప్పడం మాత్రం మర్చిపోవద్దు. గేర్లలో ఒక చక్రం పక్కనున్న పళ్లు రెండో చక్రం కన్నాల్లో దూరితేనే గేరు పడ్డట్టు. పళ్లూ కన్నాలూ ఎదురెదురుగా రాకపోతే ఎంత నొక్కినా పడదు. నిలబడి ఉన్న బండిలో గేరు పడలేదంటే అది జబ్బు కాదు. బండిని ఒక జానెడు ముందుకో వెనక్కో తోస్తే పడిపోతుంది. ఇది తెలియక పెడల్ మీద నిలబడి తొక్కేవాళ్లను చూశాను.

ఇప్పుడు స్టాండు మీదే స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా పట్టుకుని ఫస్ట్ వెయ్యండి. వెనక చక్రం కాస్త తిరుగుతుంది, కంగారుపడొద్దు. క్లచ్ లోపలి ప్లేట్ల మధ్య ఉన్న ఆయిల్ జిగటే దాన్ని తిప్పుతుంది. బ్రేకు మెల్లగా తొక్కితే చక్రం ఆగాలి, ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉండాలి. చక్రంతోపాటు ఇంజనూ ఆగిపోయిందంటే క్లచ్ పూర్తిగా విడిపోవట్లేదు. సిగ్నల్లో న్యూట్రల్ దొరకకపోవడానికి నూటికి తొంభై సార్లు ఇదే కారణమని నా నమ్మకం. ఐడిలింగ్ (రేజ్ ఇవ్వనప్పుడు ఇంజన్ నడిచే వేగం) ఎక్కువ పెట్టినా ఇంజన్ వేగానికి ఫస్ట్ గేరు ఠప్పుమంటుంది, కాబట్టి అదీ చూడండి.

క్లచ్ వైరు సంగతి కొంచెం నిదానంగా చూద్దాం. లివర్ చివర వేలుపెట్టి మెల్లగా లాగండి. వైరు బిగుసుకునే దాకా లివర్ ఖాళీగా కదిలే దూరమే దాని ఆట. చాలా బళ్లకు లివర్ కొన దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలు లేకపోతే మీ చిటికెన వేలు మందం అనుకోండి. ఆట ఎక్కువైతే క్లచ్ విడిపోదు, గేరు గట్టిగా పడుతుంది. ఆట అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం పట్టుకున్నట్టే ఉండి ప్లేట్లు జారతాయి, కాలిపోతాయి. సన్న తేడా ఉంటే హ్యాండిల్ దగ్గరి గుండ్రటి నట్టుతో సర్దండి. ఎక్కువ తేడా ఉంటే కింద ఇంజన్ దగ్గర రెండు నట్లు ఉంటాయి, ఒకటి వదులు చేసి రెండోది తిప్పండి. సర్దాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి మళ్లీ చూడండి. తిప్పినప్పుడు ఆట మారితే వైరు ఎక్కడో లాగుతోందన్నమాట.

వైరు గరగరమంటుంటే లివర్ దగ్గర ఊడదీసి, పాలప్యాకెట్టు మూల కత్తిరించి, ఆ కొనలో వైరు తొడుగును దూర్చి దారంతో కట్టండి. చిన్న గరాటు తయారైంది. అందులో రెండు చెంచాల ఇంజనాయిలు పోసి రాత్రంతా అలా వేలాడదీస్తే పొద్దున్నకు కింద చివర నుంచి నల్లటి చుక్కలు కారుతుంటాయి. ఆ నలుపంతా మన రోడ్ల దుమ్మే. పోగులు తెగడం మొదలైన వైరుకు మాత్రం ఈ వైద్యం దండగ, మార్చెయ్యండి.

పెడల్ విషయం చిన్నదే. ఎడమవైపు పడిన బండి పెడల్ వంగి ఇంజన్ కవరుకు తగులుతుంటుంది, లేదా దాని 10 నంబరు బోల్టు వదులై షాఫ్టు మీది పళ్లు అరిగిపోతాయి. పెడల్ ఊగుతుంది, షాఫ్టు తిరగదు. పెడల్‌ని షాఫ్టుకు వెల్డింగ్ కొట్టించకండి. తర్వాత ఆ కవరు విప్పాల్సి వచ్చినప్పుడు మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

పెడల్ తొక్కినచోటే ఉండిపోతే షాఫ్టు వెనక్కి లాగే స్ప్రింగు విరిగి ఉండొచ్చు. చాలా బళ్లలో అది క్లచ్ కవరు వెనకే ఉంటుంది. దానికి ఇంజన్ రెండు చెక్కలు చెయ్యక్కర్లేదని గుర్తుపెట్టుకోండి. లాగుతున్నప్పుడు గేరు ఊడిపోవడం ఒక్కటే నిజంగా లోపలి జబ్బు. గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరగడమో, గేరును జరిపే ఫోర్కు వంగడమో జరిగి ఉంటుంది. అది మన పాఠాల్లో లేదు, షెడ్డుకే వెళ్లండి.

ఇక ఆయిల్. ఫోనులో వెతికి "ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (గేర్లకు విడిగా పోసే ద్రవం) ఏది కొనాలి" అని అడిగేవాళ్లున్నారు. మన ఫోర్ స్ట్రోక్ బళ్లలో చాలావాటికి అలాంటిది వేరే లేదు. ఇంజనుకూ గేర్లకూ క్లచ్ ప్లేట్లకూ ఒకటే ఆయిలు. కారు ఆటోమేటిక్ గేర్లలో పోసే ఎర్రటి ద్రవం వీటిలో పొయ్యకండి. కాస్ట్ ఐరన్ ఇంజన్ పాత బుల్లెట్టుకు, ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్లకు గేర్ బాక్సు ఆయిల్ వేరు. గేర్లులేని స్కూటర్లకు వెనక చక్రం దగ్గర విడిగా కొద్దిపాటి గేర్ ఆయిల్ ఉంటుంది, అంతే.

ఒకే ఆయిలు మూడు పనులు చెయ్యడంలోనే చిక్కుంది. ఇంజను జారుడు కోరుకుంటుంది, క్లచ్ పట్టు కోరుకుంటుంది. నాకిది డబ్బు పోసి తెలిసింది. మా బావ కారు సర్వీసులో మిగిలిన లీటరు ఆయిల్ "మంచి ఖరీదుదిరా, నీ బండికి పోసుకో" అని ఇచ్చాడు. పోశాను. వారం రోజులు బండి పట్టులా నడిచింది. ఆదివారం మా ఆవిడను ఎక్కించుకుని కొండపల్లి ఖిల్లా ఎక్కుతుంటే సగం దారిలో ఇంజన్ గోల పెడుతోంది గానీ బండి నడకకన్నా నెమ్మదించింది. మాడిన వాసన. "మీ బావ ఇచ్చిందేగా" అంది ఆవిడ, దిగి నడుస్తూ. ఆ డబ్బా వెనక గుండ్రటి గుర్తులో కింద "రిసోర్స్ కన్జర్వింగ్" అని రాసి ఉంది. పెట్రోలు ఆదా కోసం జారుడు పెంచే మందులు కలిపారన్నమాట. కారు క్లచ్ పొడిగా ఉంటుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. నా బండికి ప్లేట్లు మార్చి, ఆయిల్ రెండుసార్లు పోసి తీస్తే గానీ జారుడు వదల్లేదు.

అందుకే డబ్బా ముందువైపు పులి బొమ్మలూ మెరుపులూ వదిలేసి వెనక్కి తిప్పండి. "జాసో ఎంఏ" లేదా "ఎంఏ2" అని ఉండాలి. బైకుల తడి క్లచ్ (ఆయిల్లో తడిసే క్లచ్) కోసం జపాన్‌లో 1998లో పెట్టిన ప్రమాణం అది. ఎంఏ2 అంటే పట్టు ఎక్కువ. "ఎంబీ" అని ఉంటే అది గేర్లులేని స్కూటర్లకు. ఆ తర్వాత చిక్కదనం చూడండి. స్ప్లెండరుకు 10డబ్ల్యూ-30, ఇప్పటి 350 సీసీ ఎన్‌ఫీల్డుకు 15డబ్ల్యూ-50, ఇలా కంపెనీ పుస్తకంలో ఏముంటే అది. "బెజవాడ ఎండకు చిక్కటి ఆయిల్ పొయ్యాలండీ" అని కౌంటరు దగ్గర చెబుతారు. డబ్ల్యూ తర్వాతి అంకె ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది. ఆ వేడి లెక్కేసుకునే కంపెనీ ఆ అంకె రాసింది. అనవసరంగా చిక్కటిది పోస్తే పొద్దున్నే ప్లేట్లు అంటుకుని ఫస్ట్ గేరు మొండికేస్తుంది. ఏ ఆయిలైనా వాడేకొద్దీ గేరు పళ్ల మధ్య నలిగి పలచబడుతుంది కూడా. రంగు ఫరవాలేదనిపిస్తున్నా గేర్లు కటకటమంటున్నాయంటే మార్చే వేళయింది.

ఆయిల్ ఎంతుందో చెప్పే గేజి చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండు మీద, సమతలంలో ఉండాలి. మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో మూడు నిమిషాలు ఆగి చూడండి. హీరో, హోండా బళ్లలో గేజిని తుడిచి కన్నంలో ఆనించాలి, మరలు తిప్పి బిగించి కాదు. పాలు పోసిన టీ రంగు కనిపిస్తే నీళ్లు చేరాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్ని కొడుకు బండికి ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు విప్పితే ముందు శుభ్రమైన నీళ్లే వచ్చాయి, వెనకాల నురగ. మునిగిన బండికి కిక్ కొట్టకండి, ముందు ఆ బోల్టే విప్పాలి. వాడి బండి ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. లివర్ ఎంత లాగినా క్లచ్ విడిపోలేదు.

ఆయిల్ మార్చడం తెలిసిన పనే. గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపండి, బోల్టు వాషరు కొత్తది వెయ్యండి, మరీ బిగించి మరలు చెడగొట్టకండి. పాత ఆయిల్ బందరు కాలువలో గుమ్మరించే పని మాత్రం చెయ్యొద్దు, ఆటోనగర్‌లో పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చెయ్యండి. ఖాళీ డబ్బాకు మేకుతో కన్నం పెట్టి పారెయ్యండి, లేకపోతే అందులో మళ్లీ ఏదో ఒకటి నింపి మీకే అమ్ముతారు.

ఈ వారం ఇంటిపని: స్టాండు మీద రెండు పరీక్షలూ చేసి, లివర్ ఆట ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో క్లచ్ కవరు విప్పి ప్లేట్లు చూద్దాం. దానికి కవరు గాస్కెట్ (కవరుకూ ఇంజనుకూ మధ్య పెట్టే పల్చటి అట్ట) ఒకటి ముందే కొనుక్కోండి, పాతది చిరగకుండా ఊడిరాదు.