ఎండాకాలం సెలవుల్లో పరుగు, సైకిల్ పెట్టుకునేవాళ్లకి

మేలో మూడు రోజుల సెలవు కలిసొస్తే మేం నలుగురం చంద్రగిరి దగ్గర కాటేజీ తీసుకుంటాం. మీరూ అలా వెళ్తే రెండూ ఒకే పూట మాత్రం పెట్టుకోకండి. ఒకరోజు పరుగు, మర్నాడు శ్రీనివాస మంగాపురం నుంచి రంగంపేట వైపు సైకిల్, మూడో రోజు కాళ్లు ఎలా చెబితే అలా. ఐదింటికల్లా రోడ్డెక్కి ఎనిమిదిలోపు గదికి వచ్చేయాలి, ఆ తర్వాత మన ఎండ సంగతి తెలిసిందే కదా.

సైకిల్‌కి అసలు బెడద ముళ్లు. పోయినసారి తుమ్మముల్లు దిగితే ట్యూబ్ మార్చాను, పావుగంటలో మళ్లీ గాలి పోయింది, చూస్తే ముల్లు మొన టైర్‌లోనే ఉండిపోయింది. అందుకని కొత్త ట్యూబ్ వేసేముందు టైర్ లోపలంతా పాత గుడ్డతో తుడవండి, ముల్లుంటే గుడ్డ అక్కడ పట్టేస్తుంది, వేలు పెట్టి వెతికితే గుచ్చుకుంటుంది.

ఇంకోటి, బరువు చూసుకునే మిషన్ ఉంటే పరుగుకు ముందు, తర్వాత చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టే. వట్టి నీళ్లు గటగటా తాగేయకుండా ఉప్పేసిన మజ్జిగ, మధ్యలో రాగి అంబలి, కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. తల తిరిగినట్టుంటే వెంటనే ఆపి నీడకు వెళ్లండి, ఇంకో కిలోమీటరే కదా అనుకోవద్దు.