ఇంటిపై అంతస్తు, ఆర్కిటెక్ట్ ఫీజు – మూడో పాఠం: బిల్లు మీద పేచీ వస్తే

ఆర్కిటెక్ట్‌ను ఎంచుకోవడం, ఒప్పందం రాసుకోవడం గత రెండు పాఠాల్లో అయిపోయాయి. ఈసారి బిల్లు చూసి గుండె జారిన తర్వాత చేయాల్సిన పని. మూడు కాగితాలు ముందు పెట్టుకోండి: ఒప్పందం (అది లేకపోతే ఫీజు ఖాయం చేసుకున్న వాట్సాప్ సందేశాలు), వచ్చిన బిల్లు, ఇంతవరకు కట్టిన డబ్బుకు తేదీలతో సహా జాబితా.

‘మరీ ఎక్కువ వేశారు’ అన్న మాట ఎక్కడా నిలబడదు. బిల్లులో ఏ అంకె ఎందుకు తప్పో చూపించాలి. తప్పు సాధారణంగా మూడు చోట్ల దొరుకుతుంది: పని ఏ దశకు వచ్చిందన్న దగ్గర, శాతం దేని మీద కట్టారన్న దగ్గర, అదనపు పని దగ్గర.

దశల లెక్క

ఆర్కిటెక్ట్‌లను నమోదు చేసే జాతీయ సంస్థ కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఇచ్చిన నమూనా షరతులను చాలామంది ఆర్కిటెక్ట్‌లు ఒప్పందంలో యథాతథంగా పెడతారు. అందులో తొలి ఊహాచిత్రాలు, ఉజ్జాయింపు అంచనా ఇచ్చాక మొత్తం ఫీజులో 10 శాతం. ప్రాథమిక ప్లాన్‌కు 20. మార్పులు చేర్చి పర్మిషన్‌కు డ్రాయింగ్‌లు ఇచ్చాక 30. పర్మిషన్ వచ్చాక 35. వర్కింగ్ డ్రాయింగ్‌లు (కట్టడానికి కావలసిన వివరమైన డ్రాయింగ్‌లు), పరిమాణాల పట్టిక (ఏ పని ఎంతో చెప్పే జాబితా) తయారయ్యాక 45. కాంట్రాక్టర్‌ను ఖాయం చేసే పని అయితే 55, పని మొదలుపెట్టడానికి కావలసిన వివరాలన్నీ సైట్‌కు ఇస్తే 65. కట్టడం సాగేకొద్దీ 90 దాకా వెళ్తుంది. పూర్తయిన ఇంటి డ్రాయింగ్‌లు చేతికిచ్చాక 100.

ఈ అంకెలు ఒకదానికొకటి కలిపేవి కావు. ప్రతిదీ అంతవరకు అయిన మొత్తం. ‘ఇదివరకు చెల్లించినది పోను’ అన్న మాట పక్కనే ఉంటుంది, దాన్ని చదవకపోవడం వల్లే సగం పేచీలు.

ఒక లెక్క చూద్దాం. పై అంతస్తు అంచనా 30 లక్షలు, ఫీజు 6 శాతం, అంటే 1,80,000. పర్మిషన్‌కు డ్రాయింగ్‌లు తయారై అందాయి, అక్కడ యజమాని పని ఆపేశాడు. బిల్లులో 10, 20, 30 కలిపి 60 శాతం, 1,08,000 అని వేశారు. నిజానికి అయినది 30 శాతం, 54,000. ముందే 36,000 కట్టి ఉంటే బాకీ 18,000. బిల్లు ప్రకారం మాత్రం 72,000.

ఒప్పందంలో దశలే రాసుకోకపోతే? చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాల్సిందేనని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. కాగితం లేదు కాబట్టి రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదన్న సలహా వినకండి. ప్లాన్ చేతికి రాగానే మేస్త్రీకి ఇచ్చి, ఆర్కిటెక్ట్ ఫోన్ ఎత్తడం మానేసే యజమానులు తక్కువేమీ కాదు. అది అన్యాయం, కోర్టులో నిలవదు కూడా.

శాతం దేని మీద?

పై నమూనాలో మధ్య దశల బిల్లులు అప్పటి అంచనా మీద, చివరి బిల్లు అసలు ఖర్చు మీద. 30 లక్షల అంచనా 41 లక్షలైతే 6 శాతం ఫీజు 2,46,000 అవుతుంది, 66,000 పెరుగుదల. పెరిగిన 11 లక్షలను నాలుగు ముక్కలుగా విడగొట్టండి: మీరు తర్వాత అడిగిన పోర్టికో 3 లక్షలు, మీరే కొన్న టైల్స్, గ్రానైట్ 4 లక్షలు, పాత పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీటు వేసి బలపరచడం) 2.5 లక్షలు, సిమెంటు, స్టీలు ధరల పెరుగుదల 1.5 లక్షలు. పోర్టికోకు ఫీజు న్యాయమే, కొత్త డ్రాయింగ్ గీశారు. టైల్స్ ఖర్చు ఫీజు లెక్కలోకి వస్తుందో రాదో ఒప్పందం చెప్పాలి. చెప్పకపోతే బేరానికి చోటుంది. జాకెటింగ్ దగ్గర ఒక ప్రశ్న అడగాలి: ఫుటింగ్ (పిల్లర్ కింది పునాది) తవ్వి చూసి, పిల్లర్లు పరీక్షించి ముందే చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? పాత ఇంటి మీద కట్టేటప్పుడు ఇదే అసలు గండం. స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు ఆర్కిటెక్ట్ ఫీజులోనే ఉందా, వేరా అన్నది కూడా ఇక్కడే బయటపడుతుంది.

అదనపు పనులు

పాత ఇంటి కొలతలు తీసి గీసిన డ్రాయింగ్‌కు వేరే రుసుం అడగడం మామూలే. పాత ఇంటికి అప్పట్లో మంజూరైన ప్లాన్ (శాంక్షన్ ప్లాన్) దొరకనప్పుడు అది లేకుండా పని కదలదు. ఒప్పుకున్న ప్లాన్‌ను తర్వాత మీరే మార్పిస్తే దానికీ ఇవ్వాలి. ఆర్కిటెక్ట్ నిబంధన చూసుకోక పర్మిషన్ వెనక్కి వస్తే సరిదిద్దడానికి ఇవ్వనక్కర్లేదు. బిల్లులో జీఎస్టీ 18 శాతం ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబర్ (జీఎస్టీఐఎన్) ఉందో లేదో చూడండి. రిజిస్ట్రేషన్ లేనివారు ఆ పన్ను వసూలు చేయకూడదు.

ఉత్తరం ఎలా రాయాలి

ఒప్పుకునే మొత్తాన్ని ముందు కట్టేయండి, తర్వాతే వాదన. డబ్బంతా బిగబట్టుకుంటే తప్పు మీ వైపుకు తిరుగుతుంది, డ్రాయింగ్‌లూ ఆగిపోతాయి. పై లెక్కకు ఈమెయిల్ ఇలా ఉంటే చాలు:

‘మీ బిల్లు అందింది. ఒప్పందం ప్రకారం పర్మిషన్ డ్రాయింగ్‌ల దశ వరకు 30 శాతం, అంటే రూ.54,000 అయింది. రూ.36,000 ఇదివరకే చెల్లించాం. మిగిలిన రూ.18,000, దాని మీద జీఎస్టీ రూ.3,240, మొత్తం రూ.21,240 ఈ రోజు మీ ఖాతాకు పంపాం. తక్కిన రూ.54,000 ఏ పనికో దశలవారీగా 15 రోజుల్లో తెలియజేయగలరు.’

కోపం, బెదిరింపు, పాత విషయాలు ఇందులో వద్దు. రేపు ఎవరి ముందు పెట్టినా ఇది మీ తరఫున మాట్లాడాలి. సంతకమైన ప్లాన్ పీడీఎఫ్ అడగడం మీ హక్కే. క్యాడ్ ఫైల్ (కంప్యూటర్‌లో మార్చుకోగల అసలు డ్రాయింగ్) మాత్రం ఒప్పందంలో లేకపోతే ఇమ్మని పట్టుబట్టలేరు. కాపీరైట్ చట్టం ప్రకారం డ్రాయింగ్‌ల మీద హక్కు సాధారణంగా గీసినవారిదే.

తెగకపోతే

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. కోర్టు ఫీజు లేదు, అక్కడి అవార్డుకు (రాజీ తీర్పుకు) కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. చిన్న మొత్తాలకు మొదట వెళ్లాల్సిన చోటు ఇదే. సేవలో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుం లేదు, గడువు రెండేళ్లు. ఆర్కిటెక్ట్ తన బాకీకి సివిల్ కోర్టుకు వెళ్లాలంటే మూడేళ్లు.

కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ చూసేది వృత్తి ప్రవర్తన. బిల్లు తేల్చి డబ్బు ఇప్పించడం దాని పని కాదు. అదీ ‘సీఏ’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నవారి మీదే. ఆ నంబర్ లేనివారు ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవడమే 1972 ఆర్కిటెక్ట్‌ల చట్టం ప్రకారం తప్పు.

అభ్యాసం: అంచనా 24 లక్షలు, ఫీజు 5 శాతం, దశలు పైవే. వర్కింగ్ డ్రాయింగ్‌లు, పరిమాణాల పట్టిక అందాక పని ఆగింది. కట్టింది 40,000. ఆర్కిటెక్ట్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. బాకీ ఎంత? (జవాబు: రూ.14,000.) ఇప్పుడు ఆ మొత్తం కడుతూ పంపాల్సిన ఈమెయిల్ మీరే రాయండి.