నేపాల్ సేవాయాత్రకు ముందు: రాయగడ, పర్లాకిమిడి విద్యార్థులకు జాగ్రత్తలు

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. అలాగని ఆధార్ ఒక్కటే పట్టుకుని రావద్దు. పాస్‌పోర్టో ఓటరు కార్డో, అసలుదే తేవాలి.

మన పిల్లలకు ఎక్కువగా చిక్కు పేరుతోనే. ఇంటిపేరు తెలుగులో ముందు రాస్తాం, ఒడియా బడి సర్టిఫికెట్లో అది చివరికి పోతుంది. టికెట్టు మీద కార్డులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించండి.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. హౌరాలో రక్సౌల్ (బీహార్‌లో నేపాల్ సరిహద్దు ఊరు) బండికి కనీసం 6 గంటల వ్యవధి ఉంచండి. మన బండి ఆలస్యమైతే గుంపంతా అక్కడే చిక్కుకుంటుంది.

బయలుదేరే ముందు రెండు వారాల్లో జ్వరం వచ్చినవాళ్ళు మలేరియా రక్తపరీక్ష చేయించుకోకుండా కదలొద్దు. దయచేసి దాచకండి, మన కొండ ఊళ్ళ జ్వరమని అక్కడి డాక్టరుకు వెంటనే తట్టకపోవచ్చు.

డబ్బు వంద రూపాయల నోట్లలో తెస్తే మేలు; మన వందకు 160 నేపాలీ రూపాయలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరుగుతాయి, ఆ నెలలు వద్దు.