జడ్జి సీట్లో పిల్లల్నే కూర్చోబెట్టండి
అమెరికాలో హైస్కూల్ పిల్లలకి గవర్నమెంట్ సబ్జెక్ట్ చెప్పేవాళ్ళకి, ఇంట్లో కూర్చోబెట్టి చదివించే మనవాళ్ళకి కూడా ఒక చిట్కా. సెపరేషన్ ఆఫ్ పవర్స్ (చట్టం చేసేవాళ్ళు, అమలు చేసేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు వేరువేరుగా ఉండటం), చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ (ఒకళ్ళు హద్దు దాటితే ఇంకొకళ్ళు ఆపడం) అని డెఫినిషన్లు బట్టీ పట్టించకండి, ఒక్క కేసు తీసుకుని సగంలో ఆపేయండి. నేనైతే 1952 స్టీల్ మిల్లుల గొడవ చెప్తా, కొరియా యుద్ధం నడుస్తోంది, కార్మికులు సమ్మెకి రెడీ, ఉక్కు ఆగితే ఎలా అని అప్పటి ప్రెసిడెంట్ ట్రూమన్, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌ని అడక్కుండానే మిల్లుల్ని గవర్నమెంట్ చేతిలోకి తీసేసుకున్నాడు... ఇక్కడ ఆపి, ఇప్పుడు జడ్జి మీరే అనండి. యుద్ధం కదా తప్పేముంది అనేవాళ్ళు ఉంటారు, అననివ్వండి, కాసేపు కొట్టుకోనివ్వండి. తర్వాత రాజ్యాంగంలో కాంగ్రెస్ పవర్స్ చెప్పే ఆర్టికల్ 1, ప్రెసిడెంట్ పవర్స్ చెప్పే ఆర్టికల్ 2 చేతికిచ్చి ప్రెసిడెంట్‌కి ఆ పవర్ ఎక్కడ రాసుందో వెతకమనండి, దొరకదు. అప్పుడు చెప్పండి, సుప్రీంకోర్టు 6-3తో కుదరదంది, ఆయన మిల్లులు తిరిగిచ్చేశాడు అని.

ఫెడరలిజం, అంటే కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య అధికారాల పంపకం, ఇంకా ఈజీ, డ్రింకింగ్ ఏజ్ దేశమంతా 21 ఎలా అయిందో అడగండి. ఏజ్ పెంచని రాష్ట్రాలకి హైవే ఫండ్స్‌లో కోత అని 1984లో కాంగ్రెస్ చట్టం చేస్తే, సౌత్ డకోటా కోర్టుకెళ్ళి 1987లో ఓడిపోయింది. ఈ టాపిక్‌కి మాత్రం వెనక బెంచీ వాళ్ళు కూడా చెయ్యెత్తుతారు లెండి.