కెనడా గుడికి మన అర్చకుడిని పిలిపించుకునే పద్ధతి

విజయవాడ గవర్నర్‌పేటలో నాకు అనువాదాల ఆఫీసు ఉంది. కొన్నేళ్లుగా సత్యనారాయణపురం, మంగళగిరి, తెనాలి వైపు నుంచి అర్చకులు ధ్రువపత్రాలు పట్టుకుని వస్తున్నారు. చాలామంది దగ్గర కెనడాలోని ఏదో ఒక ఆలయ కమిటీ రాసిన ఒక పేజీ ఉత్తరం ఉంటుంది. “ఎల్‌ఎంఐఏ అక్కర్లేదటండీ, ఈ ఉత్తరం చాలంటున్నారు” అంటారు. ఎల్‌ఎంఐఏ (ఆ పనికి స్థానికులు దొరకలేదని తేల్చే ప్రభుత్వ మదింపు) అక్కర్లేదన్న మాట సరైనదే కానీ, ఆ ఒక్క ఉత్తరంతో పని జరగదు. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ మచ్చ అర్చకుడి పేరు మీదే ఉండిపోతుంది, తర్వాత ఏ వీసాకు వెళ్లినా ఆయనే జవాబు చెప్పుకోవాలి. అందుకే అక్కడి కమిటీ పెద్దల కోసం ఇది రాస్తున్నాను. నా వృత్తి అనువాదం వరకే. డబ్బు తీసుకుని వలస సలహా ఇవ్వాలంటే కెనడాలో న్యాయవాది గానీ, లైసెన్సు ఉన్న కన్సల్టెంటు గానీ అయి ఉండాలి. చిక్కు కేసులకు వాళ్ల దగ్గరికే వెళ్లండి.

కెనడాలో యజమాని విదేశీయుడిని పనిలో పెట్టుకోవాలంటే, మామూలుగా ఆ పనికి స్థానికులు దొరకలేదని ముందు నిరూపించాలి. ప్రకటనలు ఇవ్వాలి, ఒక్కో కొలువుకు 1,000 డాలర్లు కట్టాలి. ఆ మదింపే ఎల్‌ఎంఐఏ. కొన్ని రకాల పనులకు దీని నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ ఏర్పాటు పేరు ఇంటర్నేషనల్ మొబిలిటీ ప్రోగ్రామ్. మతపరమైన సేవకు అందులో సి50 అనే కోడ్ ఉంది. మినహాయింపు మదింపుకే. యజమానిగా మీరు ఇచ్చే మాటకు మినహాయింపు లేదు, దాన్ని ప్రభుత్వ అధికారులు తనిఖీ చేస్తారు కూడా.

ముందుగా, అర్చకుడు ఎన్నాళ్లు ఉండాలో తేల్చుకోండి. పూజలు జరిపించడం, ప్రవచనం చెప్పడం, భక్తులకు ఆధ్యాత్మికంగా దారి చూపడం ప్రధాన విధులైన వ్యక్తి వర్క్ పర్మిట్ లేకుండానే పనిచేయవచ్చని వలస నిబంధనల్లో 186వది చెబుతుంది. బ్రహ్మోత్సవాలకో, కుంభాభిషేకానికో కొన్ని వారాలు వచ్చి వెళ్లేవారికి ఇది బాగుంటుంది. భారతీయులకు సందర్శక వీసా మాత్రం తప్పదు. రెండు మూడేళ్లు ఉండి నిత్యార్చన చేయాల్సిన వారికి నా ఓటు సి50 పర్మిట్‌కే. పర్మిట్ ఉంటే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, ఆరోగ్య కార్డు తేలికవుతాయి. జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్లడానికి భయపడే పరిస్థితిలో మనిషిని ఉంచకూడదు.

ప్రసాదాలు వండడానికి మాత్రమే రప్పించే వ్యక్తిని అర్చకుడిగా చూపించకండి. వంటవాడి కొలువు వేరు, దానికి ఎల్‌ఎంఐఏ దారి ఉంది. అబద్ధం బయటపడితే ఆయనకు అయిదేళ్లు కెనడా ప్రవేశం ఉండదు.

ఇక ఉద్యోగ ఒప్పందం. అసలు శ్రమ ఇక్కడే పెట్టాలి. “మా ఆలయంలో సేవలు అందించుటకు” అన్న ఒక్క వాక్యంతో అధికారికి ఏమీ తెలియదు. ఏ ఆగమం ప్రకారం అర్చన జరుగుతుంది, వైఖానసమా, పాంచరాత్రమా, శైవమా? సుప్రభాతం ఎన్నింటికి, పవళింపు సేవ ఎన్నింటికి, మధ్యలో విరామం ఎంత? వారానికి ఎన్ని గంటలు, సెలవు ఏ రోజు? జీతం డాలర్లలో ఎంత? వసతి ఇస్తే అది జీతంలో భాగమా, అదనమా? ఇవన్నీ రాయండి. శ్రావణమాసంలో, కార్తికంలో పని రెట్టింపవుతుందని మీకు తెలుసు కాబట్టి ఆ అదనపు గంటల మాట కూడా ఇప్పుడే రాయండి.

గృహప్రవేశాలు, సత్యనారాయణ వ్రతాల సంగతి చాలా కమిటీలు వదిలేస్తాయి. ఈ పర్మిట్ ఒక్క యజమానికే కట్టుబడి ఉంటుంది. అర్చకుడు సొంతంగా ఇళ్లకు వెళ్లి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని పని కావచ్చు. ఇళ్లలో పూజలు కూడా ఆలయ విధుల్లో భాగమని ఒప్పందంలో చేర్చి, బుకింగు, రశీదు ఆలయం ద్వారానే జరిపించండి. దక్షిణ వస్తుంది కదా అని జీతం తగ్గించి రాయడం నాకు ఎంతమాత్రం నచ్చదు. దక్షిణ భక్తుడి ఇష్టం, జీతం మీ బాధ్యత.

ఒప్పందం మీద ఇద్దరి సంతకాలు అయ్యాక కమిటీ ఎంప్లాయర్ పోర్టల్‌లో (యజమానుల కోసం కెనడా వలస శాఖ నడిపే వెబ్‌సైటు) ఆఫర్ నమోదు చేసి 230 డాలర్లు కట్టాలి. అప్పుడు ‘ఎ’ అక్షరంతో మొదలయ్యే ఏడంకెల ఆఫర్ నంబరు వస్తుంది. ఆ నంబరు చేతికి రాకముందు అర్చకుడు దరఖాస్తు పెట్టకూడదు. వృత్తి కోడ్ అడిగినప్పుడు, పూజాదికాలు నడిపించే అర్చకుడికి సాధారణంగా 41302 సరిపోతుంది. అది కెనడా వృత్తుల వర్గీకరణలో టీర్ 1 అనే పై స్థాయి కావడం వల్ల, పర్మిట్ గడువు కనీసం 16 నెలలు మిగిలి ఉంటే భార్య కూడా ఓపెన్ వర్క్ పర్మిట్‌కు (ఒక్క యజమానికే కట్టుబడని పర్మిట్) దరఖాస్తు చేసుకోవచ్చు. ఆలయానికి ఛారిటీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు, ఆదాయ వ్యయాల లెక్క జత చేయండి. ఒక మనిషిని పోషించగల స్తోమత ఆలయానికి ఉందా అని అధికారి చూస్తారు.

ఆ 230 డాలర్లు అర్చకుడి నుంచి వసూలు చేయకూడదు. నియామకం పేరుతో ఏ రుసుమూ ఆయన దగ్గర తీసుకోకూడదని, మధ్యవర్తి తీసుకోకుండా చూసే బాధ్యత కూడా యజమానిదేనని 2022 సెప్టెంబరు నుంచి నిబంధన ఉంది. ఇక్కడ లక్షలు అడిగే ఏజెంట్లు ఉన్నారు. కమిటీ నుంచి ఒక ఫోను వస్తే ఆ దోపిడీ ఆగుతుంది, దయచేసి ఆ ఫోను చేయండి. అర్చకుడు స్వయంగా కట్టేవి వర్క్ పర్మిట్ ఫీజు 155, బయోమెట్రిక్స్‌కు 85 డాలర్లు. మంచి మనసున్న కమిటీలు అవి కూడా భరిస్తాయి.

ఇటువైపు పత్రాలు. ఊళ్లో అర్చకుడికి పే స్లిప్పు ఉండదు, సంభావన చేతికే వస్తుంది. అందుకని ఇప్పటివరకు పనిచేసిన ఆలయాల నుంచి, దేవాదాయ శాఖ గుడి అయితే ఈవో నుంచి, లేకపోతే ధర్మకర్త నుంచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ సేవ చేశారో లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. వేద పాఠశాల పట్టా, ఆగమ పరీక్షల సర్టిఫికెట్లు తెలుగులోనో సంస్కృతంలోనో ఉంటే ఇంగ్లీషు అనువాదం, దానితో అనువాదకుడి ప్రమాణపత్రం జత చేయాలి. పేర్ల దగ్గర చాలా జాగ్రత్త. పట్టాలో “శర్మ” అని, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ చేయించి పెట్టండి. పాస్‌పోర్టు గడువు దాటి పర్మిట్ ఇవ్వరు కాబట్టి, ఏడాది రెండేళ్లే మిగిలి ఉంటే ముందే రెన్యువల్ చేయించుకోవాలి. ఆరు నెలలకు మించి ఉండేవారికి వైద్య పరీక్ష కూడా ఉంటుంది. అది కెనడా గుర్తించిన వైద్యుల దగ్గరే చేయించాలి.

దరఖాస్తు ఆమోదం పొందాక వచ్చేది పరిచయ లేఖ. అసలు పర్మిట్ విమానాశ్రయంలో దిగాక అధికారి ముద్రించి ఇస్తారు. దాన్ని అక్కడే నిలబడి చదవమని అర్చకుడికి చెప్పండి. ఆలయం పేరు, ఊరు, గడువు తేదీ సరిగా ఉన్నాయా చూసుకుని, తప్పుంటే అక్కడికక్కడే సరిచేయించుకోవాలి. అందుకోసం కమిటీ నుంచి ఒకరు బయట ఫోను దగ్గర ఉంటే భాష రాక తడబడే మనిషికి ఎంతో ధైర్యం.

ఆయన పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండాలి. “మా లాకరులో భద్రంగా ఉంటుంది” అని తీసుకోకండి. వేధింపులకు గురయ్యే కార్మికులకు కెనడా విడిగా ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తుందని ఇక్కడి నుంచి వెళ్లే ప్రతి అర్చకుడికీ నేను చెప్పి పంపుతాను.

జీతం చెల్లింపులు, పని గంటల లెక్కలు ఆరేళ్లు దాచాలి. ఒప్పందం తప్పితే ఒక్కో ఉల్లంఘనకు లక్ష డాలర్ల వరకు జరిమానా, కొంతకాలం నియామకాలపై నిషేధం ఉంటాయి. గడువు పెంచాలంటే పోర్టల్‌లో కొత్త ఆఫర్, కొత్త నంబరు, మళ్లీ 230 డాలర్లు. పర్మిట్ ముగిసేలోపే దరఖాస్తు పెడితే, నిర్ణయం వచ్చేదాకా అర్చకుడు అదే ఆలయంలో పాత షరతులతో పని కొనసాగించవచ్చు. కమిటీ ఎన్నికల్లో కార్యదర్శి మారితే పోర్టల్ లాగిన్, ఒప్పందం నకలు, గడువు తేదీ రాసిన కాగితం కొత్తవారికి అదే రోజు అప్పగించండి.