రెండు చిన్న దేశాల కాగితం వ్యాపారం పోల్చాలంటే 48 నంబరు కోడ్ ఒక్కటే చూస్తే సరిపోదు

హన్మకొండ దిక్కు ఎంకాం, ఎకనామిక్స్ చదివే తమ్ముళ్లు చెల్లెళ్లు ప్రాజెక్టు కోసం రెండు చిన్న దేశాలు పట్టుకొని ఎగుమతులు దిగుమతులు పోల్చుతుంటరు గదా, వాళ్ల కోసమే ఇది. స్లొవేనియా, ఎస్టోనియా తీసుకుందాం. రెండిటి జనాభా కలిపితే దగ్గరదగ్గర 35 లక్షలు, అంటే 2011 లెక్కల్ల మన ఉమ్మడి వరంగల్ జిల్లా అంత. రెండూ 2004ల ఒక్కసారే యూరోపియన్ యూనియన్‌ల చేరినయి, రెండిట్ల అడవి బాగ ఉంది, జోడి మంచిగ కుదురుతది.

ఐక్యరాజ్యసమితి వ్యాపార లెక్కలు పెట్టే యూఎన్ కామ్‌ట్రేడ్ సైట్ తెరిచి రిపోర్టర్ (లెక్క చెప్పే దేశం) దగ్గర దేశం, పార్ట్‌నర్ (అవతలి దేశం) దగ్గర వరల్డ్, కమాడిటీ (సరుకు) దగ్గర 48 పెడితే ఎగుమతి దిగుమతి లెక్కలు వస్తయి. చానమంది ఇక్కడ్నే ఆగిపోతరు, నాకు బాధ అనిపించేది అదే.

ఇవన్నీ హెచ్ఎస్ కోడ్‌లు, అంటే దేశాలన్నీ సరుకులకు వాడే నంబర్లు; రెండంకెలది పెద్ద గుంపు, నాలుగంకెలది అందులోని చిన్న భాగం. 48 అంటే కాగితం, అట్ట, వాటితోని చేసిన సామాన్లు. కాగితానికి ముడిసరుకైన కట్టె గుజ్జు మాత్రం 47ల ఉంటది, రద్దీ పేపర్ గూడ 4707 కింద అక్కడ్నే, అచ్చయిన పుస్తకాలు 49. మన దగ్గర్నే చూడండి, మంగపేట మండలం కమలాపురంల 2014ల ఉత్పత్తి ఆగిపోయేదాక ఫ్యాక్టరీ చేసింది ముఖ్యంగ రేయాన్ దారానికి వాడే గుజ్జు, అది 4702, కాగజ్‌నగర్ మిల్లుల తయారయ్యే కాగితమేమో 48. వట్టి 48 చూసెటోళ్లకు కమలాపురం ఉన్నట్టే తెల్వదు. ఎస్టోనియా సంగతి గూడ గట్లనే, కుండ అనే ఊర్ల 2006ల మొదలైన మిల్లు ఆస్పెన్ కట్టెను గుజ్జు చేసి బయటి దేశాలకు అమ్ముతది, ఆ రకం గుజ్జు 4705ల పడుతది. స్లొవేనియాలనేమో క్ర్ష్కో, వెవ్చె, కొలిచెవో లాంటి చోట్ల కాగితం, అట్ట మిల్లులు పేరు పొందినయి. అందుకే 47, 48 రెండూ పక్కపక్కన పెట్టాలె, అప్పుడే ఎవరు ముడిసరుకు అమ్ముతున్నరు ఎవరు తయారైన సరుకు అమ్ముతున్నరు తెలుస్తది.

తర్వాత 48 లోపలికి దిగండి: 4802 రాత కాగితం, 4804 క్రాఫ్ట్ (గట్టి ప్యాకింగ్ కాగితం), 4818 టిష్యూ, 4819 డబ్బాలు, 4820 నోట్‌బుక్కులు.

డాలర్ల పక్కన కిలోలు గూడ తప్పకుండ తీసుకోండి. 2022ల యూరప్‌ల కరెంటు, గ్యాస్ ఖర్చు పెరిగి కాగితం ధరలు బాగ ఎగిరినయి, ఆ ఏడాది డాలర్లు చూసి వ్యాపారం పెరిగిందని రాస్తే తప్పయితది, కిలోలు ఒక్కోసారి తగ్గి గూడ ఉండొచ్చు. విలువను బరువుతోని భాగిస్తే కిలో రేటు వస్తది, నాకైతే మొత్తం పోలికల అన్నిటికన్న పనికొచ్చే అంకె అదే. ఒక్క ఏడాది కాకుండ ఐదేండ్లు తీయండి.

ఇంకోటి, మొత్తం ఎగుమతులల్ల కాగితం శాతం ఎంత అని స్లొవేనియాకు లెక్కగడితే మోసపోతం, ఎందుకంటే స్విట్జర్లాండ్‌తోని నడిచే మందుల రాకపోకలతోని ఆ దేశం మొత్తం అంకె ఉబ్బి ఉంటది. దానికి బదులు మనిషికి ఎన్ని కిలోలు అని చూడండి.

స్లొవేనియా ఇటలీకి పంపినమన్న లెక్క, ఇటలీ తెచ్చుకున్నమన్న లెక్క ఒక్కతీరు రావు. ఎగుమతికి కిరాయి ఇన్సూరెన్స్ కలపని ఎఫ్ఓబీ ధర, దిగుమతికి అవి కలిపిన సీఐఎఫ్ ధర, తేడాకు ఇదొక కారణం. రెండు దేశాలకూ ఒకే వైపు లెక్కనే వాడండి, ఏ వైపుదో టేబుల్ కిందనే రాయండి.